పూటకూళ్ళమ్మ పేరేమిటి?

2012లో మొదటిసారి వరంగల్ వెళ్ళాను. అప్పుడు పిహెచ్.డి. మొదటి సంవత్సరం. పాత తెలుగు కావ్యాల్లో నగరవర్ణనలు నా పరిశోధనాంశం. సంచీలో నీళ్ళ సీసా, ఒక జత బట్టలు, 'క్రీడాభిరామం' జిరాక్సు కాపీ ఉన్నాయి. ఆరేడు వందల ఏళ్ళ నాటి ఊరిని చెప్పే పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఇప్పటి ఊళ్ళో తిరగడం ఎంత అమాయకత్వమో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ రోజు కోటలో నాలుగు తోరణాల మధ్య నిలబడి పేజీలు తిప్పుతుంటే, ఆ పుస్తకంలోని ఇద్దరు మిత్రులూ నా ముందు నడుస్తున్నట్టే అనిపించింది.

క్రీడాభిరామం గురించి ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పాల్సింది లేదు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' ఆధారంగా వచ్చిన వీథినాటకం అది. వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉంది. కాదు, శ్రీనాథుడిదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మానవల్లి రామకృష్ణకవి దాన్ని వెలుగులోకి తెచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు, కాకతీయుల కాలపు జనజీవితానికి దాన్నే ప్రధాన సాక్ష్యాల్లో ఒకటిగా తీసుకున్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మగవాళ్ళు ప్రతాపరుద్రుడి నాటి ఓరుగల్లులో ఒక పగలూ రాత్రీ తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు చూస్తారు. పల్నాటి వీరుల కథని ఒక ఆడమనిషి ద్విపదలో పాడుతుంటే కుర్రాళ్ళు ఊగిపోవడం చూస్తారు. జక్కుల పురంధ్రి పాట వింటారు. మాచల్దేవి చిత్రశాలకి వెళతారు. మధ్యలో ఆకలేస్తుంది. పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి భోంచేస్తారు.

ఆ భోజనం తెలుగు సాహిత్యంలో చాలా పేరున్న భోజనం. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఇవన్నీ కలిపి ఒక రూక. ప్రతాపరెడ్డిగారి దగ్గర్నుంచి ఇప్పటి పాఠ్యపుస్తకాల దాకా కాకతీయుల నాటి తిండి అనగానే ఈ పద్యమే గుర్తు చేసుకుంటారు. నేనూ నా సినాప్సిస్‌లో రాశాను. ధర గురించి ఒక వాక్యం, పదార్థాల గురించి రెండు వాక్యాలు.

ఆ సాయంత్రం నాకు ఆకలేసింది. హనుమకొండ చౌరస్తాలో హోటళ్ళకేం తక్కువ లేదు. ఒకదాని మెట్లెక్కాను. "ఒక్కరేనా మేడమ్?" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. ఫ్యామిలీ సెక్షన్ పైన ఉందట, అందులో నాలుగు కుర్చీల బల్లలే ఉన్నాయట, ఒక్కళ్ళకి బల్ల ఇవ్వరట. కింద కూర్చోమన్నాడు. కింద అందరూ మగవాళ్ళు. దిగి వచ్చేశాను. అప్పటికే లాడ్జిలో "తోడెవరూ లేరా?" అన్న ప్రశ్నకి యూనివర్సిటీ ఉత్తరం చూపించి జవాబు చెప్పి ఉన్నాను. అదే రోజు రెండోసారి నా మర్యాదకి ఋజువులు చూపించే ఓపిక లేకపోయింది.

రోడ్డు పక్కన ఒకామె పెద్ద పెనం పెట్టి జొన్నరొట్టెలు చేస్తోంది. నిలబడి చూశాను. పిండి ముద్దని అరచేతుల మధ్య తట్టుకుంటూ, తిప్పుకుంటూ, క్షణాల్లో పళ్ళెమంత చేస్తోంది.

"ఏం బిడ్డా, ఇక్కడి దానివి కాదా?" అంది.

"కాదమ్మా, రాజమండ్రి."

"ఒక్కదానివే వచ్చినవా? మంచిగ చేసినవ్. కూసో, ఏడిదియ్య ఇస్త."

ఉల్లిగడ్డ ముక్క, పచ్చిమిర్చి తొక్కుతో రెండు రొట్టెలు తిన్నాను. పక్కనే ఇటుకల మీద కూర్చుని ఆమెతో గంటసేపు మాట్లాడాను. ఏ వీధిలోంచి వెళితే లాడ్జికి దగ్గరో, ఎన్నింటి తర్వాత ఏ సందులోకి పోకూడదో, కోట దగ్గరికి ఆటోకి ఎంతివ్వాలో ఆమే చెప్పింది. ఆ రోజు నేను చూసిన ఊరు సగం పుస్తకంలోది, సగం ఆమె చెప్పింది.

రాత్రి లాడ్జిలో మళ్ళీ క్రీడాభిరామం తెరిచాను. అంతకుముందు దాటేసి వెళ్ళిన ఇంకో పద్యం కంటపడింది. పూటకూటింట్లో మన్మథుడు పగలూ రాత్రీ కాపురముంటాడనీ, జారిణులకీ జారులకీ మధ్య రాయబారాలు నడుపుతుంటాడనీ దాని సారాంశం. అంటే అన్నం రుచి చెప్పిన పుస్తకమే ఆ ఇంటి మీద నిందా వేసింది. రుచిని మనం చరిత్రగా తీసుకున్నాం, నిందని హాస్యంగా తీసుకుని వదిలేశాం. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ ఇల్లు లక్ష్మణవజ్ఝలది. సరే, ఆ గోధుమపిండివంట చేసిందెవరు? నెయ్యి కాచిందెవరు? నంజుళ్ళు నూరిందెవరు? యాత్రికులు తిన్నారు, కవి మెచ్చుకున్నాడు, చరిత్రకారులు లెక్కగట్టారు. పొయ్యి దగ్గర ఎవరున్నారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

*

అడగడం మొదలుపెట్టాక ఆమె అన్నిచోట్లా కనిపించసాగింది. చిన్నప్పుడు చదివిన కథల్లోకే వెళ్ళాను. రాజకుమారుడు దేశాటన చేస్తూ కొత్త నగరానికి వస్తాడు. పొద్దు గూకుతుంది. ఎక్కడ దిగాలి? పేదరాశి పెద్దమ్మ ఇంట్లో. ఆమె వండి పెడుతుంది. ఊళ్ళో రాజెవరు, మంత్రెవరు, రాజకుమార్తె ఎందుకు నవ్వడం లేదు, కోనేట్లో రాక్షసుడు ఎప్పుడు వస్తాడు అన్నీ ఆమే చెబుతుంది. ఆమె లేకపోతే రాజకుమారుడికి ఊరూ తెలియదు, కథా నడవదు. చివరికి అతనికి అర్ధరాజ్యం, రాజకుమార్తె దక్కుతాయి. పెద్దమ్మకి ఏం దక్కిందో చాలా కథల్లో ఉండదు. ఆమె పేరులోనే పేదరికం ఉంది. ఆమెకి మొగుడు ఉండడు, కొడుకులు ఉండరు. ముసలితనం ఉంటుంది కాబట్టి మర్యాద దక్కుతుంది. అదే వయసులో ఉన్న ఆడది పరాయి మగవాణ్ణి ఇంట్లో దించుకుని అన్నం పెడితే, ఆ కథ ఎలా నడిచేదో క్రీడాభిరామం చెప్పనే చెప్పింది.

శ్రీనాథుడి పేరు మీద చలామణిలో ఉన్న చాటువుల్లో తిండి గురించిన విసుర్లు చాలానే ఉన్నాయి. పల్నాడు వెళ్ళి జొన్నన్నం, జొన్న అంబలి తప్ప సన్నన్నం దొరకలేదని వాపోతాడు. కన్నడ రాజ్యంలో టోపీ పెట్టుకుని, వెల్లుల్లీ నువ్వులపిండీ తిని, అంబలి తాగి, ఇంకా దయ రాలేదా అని ఆ రాజ్యలక్ష్మినే నిలదీస్తాడు. కొత్త ఊరి తిండిని తన ఊరి తిండితో కొలిచి ఓటు వేసే యాత్రికుడి గొంతు అది. జొన్న తినేవాళ్ళ ఊళ్ళో జొన్న దొరకడం ఆయనకి లోటుగా కనిపించింది. హనుమకొండ చౌరస్తాలో ఆ రొట్టెలు తింటున్నప్పుడు ఆ చాటువు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇప్పుడవే రొట్టెల కోసం షుగరున్న పెద్దమనుషులు కార్లు దిగి ఆమె ముందు వరసలో నిలబడుతున్నారు.

అయితే ఆ కన్నడదేశపు చాటువులో నన్ను ఆపింది వెల్లుల్లి కాదు. వడ్డించిన మనిషికి కవి వాడిన మాట 'విశ్వస్త'. నిఘంటువు తీస్తే విధవ అని అర్థం. శ్రీనాథుడు పడ్డ అవమానాల జాబితాలో అదొకటి: విధవ వడ్డించగా తినాల్సి రావడం. ఎన్నోసార్లు క్లాసులో విన్న పద్యమే. ఆ మాటని ఎవరూ విప్పి చెప్పలేదు. కవికి ఆ పూట అన్నం దొరికింది ఆమె చేతుల మీదుగానే కదా, ఆమెనే ఫిర్యాదుల పట్టికలో ఎక్కించాడేం అని ఎవరూ అనలేదు.

మొగుడు పోయిన ఆడదానికి, అందులోనూ పై కులాల ఆడదానికి, అమ్ముకోవడానికి ఏమున్నాయి? పొలం లేదు. చదువు లేదు. బయటికెళ్ళి కూలి చేయడానికి కులం ఒప్పుకోదు. 1856 చట్టం విధవకి మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు ఇచ్చింది కానీ, చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో ఉన్న కాస్త హక్కూ పోతుందని అందులోనే రాసింది. చేసుకోకపోతే బావగారో మరిదిగారో దయతలచి ఇచ్చే మనోవర్తి. భర్త వాటాలో జీవితకాలపు హక్కు 1937 దాకా రాలేదు, పూర్తి హక్కు 1956 దాకా రాలేదు. ఇన్నేళ్ళ మధ్య ఆమెకి మిగిలిన పెట్టుబడి ఒక్కటే, వంట. మడి కట్టుకుని వండిన వంటకి బజార్లో విలువ కూడా ఉంది. కోర్టు పని మీద పట్నం వచ్చిన వాదికీ ప్రతివాదికీ, చదువుకోడానికి వచ్చిన కుర్రాడికీ, బదిలీ మీద ఒంటరిగా దిగిన గుమస్తాకీ, కులం చెడని అన్నం ఒక పూట కావాలి. ఆ అవసరానికీ ఈ అవసరానికీ మధ్య పుట్టిందే పూటకూళ్ళ ఇల్లు.

*

'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. మనం ఇప్పుడు చదువుకునేది 1909 నాటి రూపం. అందులో మధురవాణికి పేరుంది, బుచ్చమ్మకి పేరుంది, మీనాక్షికి పేరుంది. పూటకూళ్ళమ్మకి లేదు. ఆమె వృత్తే ఆమె పేరు. నాటకం తెర లేవగానే గిరీశం స్వగతంలో మనకి తెలిసేదేమిటి? సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని మధురవాణి కోసం ఖర్చుపెట్టాడు. ఆమె అడిగింది. పోట్లాట అయింది. ఊళ్ళో ఉండడం కష్టమైంది. గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం ప్రయాణం, బుచ్చమ్మతో పరిచయం, వితంతు వివాహం మీద ఉపన్యాసాలు అన్నిటికీ ఇంధనం ఆ ఇరవై రూపాయలే. ఒక విధవ కష్టార్జితాన్ని తినేసిన మనిషి ఇంకో విధవని ఉద్ధరించడానికి బయల్దేరాడు.

ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చే రంగం వందేళ్ళకి పైగా ప్రేక్షకుల్ని నవ్విస్తోంది. నేనూ నవ్వాను. కానీ ఇప్పుడు చదివితే, అప్పు వసూలుకి వచ్చిన వ్యాపారస్తురాలు కనిపిస్తుంది. ప్రామిసరీ నోటు లేదు, సాక్షులు లేరు. కోర్టుకెళితే మొదట అడిగేది ఇరవై రూపాయల గురించి కాదు, ఆ మగవాడు నీ ఇంట్లో ఎందుకున్నాడని. చివరి రంగంలో సౌజన్యారావు పంతులు అడిగేదీ అదే. పూటకూళ్ళమ్మ సంగతి బయటపడగానే గిరీశం నీతి గురించిన విచారణ మొదలవుతుంది. బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటూ జరుగుతుంది. పూటకూళ్ళమ్మ డబ్బు తిరిగివ్వమని గిరీశానికి ఎవరూ చెప్పరు. ఆమె అతని వ్యభిచారానికి సాక్ష్యం మాత్రమే, అతని అప్పులవాడి స్థానం ఆమెకి లేదు. గురజాడ ఇది తెలియకుండా రాశాడని నేననుకోను. మనమే తెలియకుండా చదివాం.

సంస్కరణోద్యమం తరఫు వంటింటిని కూడా తలుచుకోవాలి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలేసింది, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి వడ్డించారు. ఆవిడ వంట ఉద్యమంలో భాగమైంది, అందువల్ల చరిత్రకెక్కింది. అదే ఊళ్ళో అదే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి పొట్టకూటికి వండిన విధవల మాటేమిటి?

*

గోదావరి జిల్లాల్లో అన్నం పెట్టిన తల్లి అంటే డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, లంకలు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టిన మనిషి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలిస్తే వెళ్ళలేదనీ, ఆవిడ ఫోటోనే తీయించి పంపారనీ చెబుతారు. 1909లో చనిపోయారు. 'కన్యాశుల్కం' మలి రూపం వచ్చిందీ ఆ ఏడాదే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ గొప్పతనం మీద నాకే అనుమానమూ లేదు. నా ప్రశ్న వేరే. ఒకే నది ఒడ్డున, ఒకే కాలంలో, ఒకేలాంటి బాటసారులకి ఒకేలాంటి అన్నం వండిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు అపర అన్నపూర్ణ ఎలా అయ్యారు, ఇంకొకరు నవ్వులాట ఎలా అయ్యారు?

జవాబు అందరికీ తెలిసిందే. సీతమ్మగారు పెట్టారు, పూటకూళ్ళమ్మ అమ్మింది. అన్నం అమ్ముకోవడం పాపం. ఈ ఒక్క నీతివాక్యం వెనక ఎంత దాచామో చూడాలి. పెట్టాలంటే ధాన్యం గాదెలో ఉండాలి, పొలం ఉండాలి, దానికి ఒప్పుకునే భర్త ఉండాలి. ఏమీ లేనిది ఎక్కణ్ణుంచి పెడుతుంది? ఆస్తి ఉన్న ఇల్లాలి వంట దానమైంది, ఆస్తి లేని విధవ వంట పాపమైంది. మగవాడు వేదం చెప్పి సంభావన తీసుకుంటే పాపం కాలేదు.

*

వరంగల్ నుంచి తిరిగొచ్చి పూటకూళ్ళ ఇంటి పద్యం మా అమ్మమ్మకి చదివి వినిపించాను. నెయ్యీ పెసరపప్పూ అంటే ఆవిడకి ఇష్టం, సంతోషిస్తుందనుకున్నాను. "ఆ మాట మనింట్లో ఎందుకే?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

2019లో రాజమండ్రిలో అమ్మమ్మ పుట్టింటి వాటా అమ్మేటప్పుడు అటక మీంచి ట్రంకుపెట్టె దించాం. అడుగున ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం. 1943లో మొదలవుతుంది. మొదటి నాలుగు పేజీలు చక్కటి కలం రాత. తర్వాత గుండ్రంగా, తడబడుతూ, ఒత్తులు అటూ ఇటూ పడిన రాత. "అమలాపురం వారు, 2 పూటలు." "పిఠాపురం వారు, 1 పూట, బాకీ." "తుని వారు, 3 పూటలు, చెల్లు." పూటకి మూడణాలతో మొదలై నాలుగణాలయింది. బర్మా 1942లో జపాను చేతికి పోయి, అక్కణ్ణుంచి బియ్యం రావడం ఆగిపోయిన రోజులు. కొన్ని వారాల పద్దుల్లో బియ్యం పక్కన నూకలు కనిపిస్తాయి.

మా తాతమ్మది ఆ రాత. మా అమ్మమ్మ నాలుగేళ్ళ పిల్లగా ఉండగా తాతమ్మకి భర్త పోయాడు. మా ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పుకున్న కథ ఏమిటంటే, తాతమ్మది చాలా పెద్ద చెయ్యి, ఊరుకాని ఊరు నుంచి వచ్చినవాళ్ళకి కాదనకుండా అన్నం పెట్టేది అని. మా వాళ్ళు ఆవిణ్ణి సీతమ్మగారిని చేశారు. పూటకూళ్ళమ్మగా ఉండనివ్వలేదు.

ఆ పుస్తకాన్ని నేను నెలల తరబడి చదివాను. పద్దుల పక్కన చిన్నచిన్న మాటలు రాసుకుంది. "కాకినాడ వారు, ఉప్పు తక్కువ." "నరసాపురం వారు, పెరుగు లేక లేవరు." "నెల్లూరు వారు, పులుసు పలచన అన్నారు." ఒకచోట "కడప వారు, కారం చాలలేదు, రాగి సంగటి అడిగినారు" అని ఉంది. దాని కింద వేరే సిరాతో "రాగులనగా చోళ్ళే" అని రాసింది. రెండు రోజుల తర్వాతి ఖర్చులో "చోళ్ళు తవ్వెడు" ఉంది. కడప వారు ఇంకో నాలుగు పూటలు తిన్నారు.

నేనిక్కడ చాలాసేపు ఆగిపోయాను. కొత్త ఊరికి వచ్చినవాడు అక్కడి తిండినీ బతుకునీ కనుక్కోవడమే యాత్రా సాహిత్యం అని నేను థీసిస్‌లో రాశాను. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరేదాకా, దారిలోని ఊళ్ళ వివరాలు తనకోసమూ తర్వాత వచ్చే యాత్రికులకోసమూ రాశాడు. ఆయన్ని మెచ్చుకుంటూ ఒక అధ్యాయమే రాశాను. మా తాతమ్మ గోదావరి వంతెన దాటిందో లేదో తెలియదు. కానీ ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఏ ఊరివాళ్ళు ఏం తింటారో, ఏ మాట వాడతారో, దేనికి అలుగుతారో కనుక్కుంది, రాసుకుంది, వండి సరిచూసుకుంది. ఆవిడ కడప వెళ్ళలేదు, కడపే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. తనకి రాని వంట అడిగితే శ్రీనాథుడిలా విసుక్కోలేదు. చోళ్ళు కొనుక్కొచ్చింది.

అయితే ఆ పుస్తకాన్ని పూజలో పెట్టుకోలేను. కొన్ని పద్దుల పక్కన "అరుగు" అని ఉంది. ధర అదే, ఆకు మాత్రం బయట వేసినట్టు. ఎవరికి లోపల, ఎవరికి అరుగు మీద అన్నది కులాన్ని బట్టే. అరుగు దాకా కూడా రాలేనివాళ్ళు ఆ పుస్తకంలోనే లేరు. ఆ రోజుల్లో హోటళ్ళ ముందు 'బ్రాహ్మణులకు మాత్రమే' బోర్డులు వేలాడేవి. రైల్వే స్టేషన్లలో నీళ్ళకి కూడా మతముండేది. రాజ్యాంగం పదిహేనో అధికరణంలో హోటళ్ళని పేరుపెట్టి చెప్పాల్సి వచ్చింది, 1955లో అంటరానితనం నేరాల చట్టం తేవాల్సి వచ్చింది. మడి అన్నది తాతమ్మకి పెట్టుబడి. ఆ పెట్టుబడి విలువ ఇంకొకరిని గుమ్మం బయట ఉంచడంలోనే ఉంది. విధవ అని తనని శుభకార్యాలకి దూరం పెట్టిన అదే మడిని ఆవిడ అమ్ముకుని బతికింది. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టకుండా ఆవిడ చరిత్ర రాయకూడదనుకుంటాను.

పూటకూళ్ళ ఇళ్ళు ఎలా పోయాయన్నది కూడా మనం రాసుకోవాల్సిన చరిత్రే. రైళ్ళొచ్చాయి. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచాక ప్రయాణికుల సంఖ్య మారింది, వేగం మారింది. కాఫీ హోటళ్ళు, ఉడిపి హోటళ్ళు వచ్చాయి. వాటి గల్లాపెట్టె దగ్గరా మగవాడే, పెద్ద గరిటె దగ్గరా మగవాడే. ఇంటి వసారాలో నడిచినంత కాలం అన్నం అమ్మడం ఆడదాని దిక్కులేనితనం. బోర్డు కట్టి, బల్లలు వేసి, లాభాలు కనిపించగానే అది మగవాడి వ్యాపారం. అన్నం అమ్మడం పాపమన్న మాట ఆ తర్వాత ఎవరూ పెద్దగా అనలేదు. మళ్ళీ ఇవాళ కర్రీ పాయింట్లలో, రోడ్డు పక్క రొట్టెల పొయ్యిల దగ్గర ఆడవాళ్ళే కనిపిస్తున్నారంటే, పెట్టుబడి లేనివాళ్ళకి మిగిలిన చోటు ఇంకా అదేనన్నమాట.

*

తాతమ్మ పుస్తకం 1956 ఆగస్టులో ఆగిపోతుంది. సగానికి పైగా తెల్లకాగితాలు మిగిలే ఉన్నాయి. ఎందుకు ఆగిందో నాకర్థం కాలేదు. జబ్బు చేసిందేమో అనుకున్నాను. ఇన్నాళ్ళకి, ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినప్పుడు అమ్మమ్మ నోరు విప్పింది.

"ఆ నెల్లోనే నా పెళ్ళి. మీ తాతగారి వాళ్ళు కట్నం అక్కర్లేదన్నారు. పొయ్యి మాత్రం ఆపెయ్యాలన్నారు. పూటకూళ్ళమ్మ కూతుర్ని చేసుకున్నారన్న మాట రాకూడదని."

"తాతమ్మ ఏమంది?"

"ఏమంటుంది? ఆ మర్నాడే బోర్డింగువాళ్ళందరికీ చెప్పేసింది. బాకీలు కూడా అడగలేదు."

కాసేపాగి, "నాకు పద్దెనిమిదేళ్ళు. వద్దని నేనైనా అనచ్చు కదా. అనలేదు" అంది.

పదమూడేళ్ళు మూడణాలకీ నాలుగణాలకీ వండి కూతుర్ని పెంచి, చదివించి, పెళ్ళి చేసిన మనిషి, ఆ పెళ్ళి కోసమే తన సంపాదన మానేసుకుంది. తర్వాత అల్లుడింట్లో ఇరవై మూడేళ్ళు బతికింది. అక్కడా పొద్దున్నే లేచి వండింది. పండగలకీ పురుళ్ళకీ తద్దినాలకీ వండింది. మా అమ్మకి అన్నప్రాశన పరమాన్నం ఆవిడే చేసింది. ఆ ఇరవై మూడేళ్ళ వంటకి పద్దు లేదు. మా ఇంట్లో అందరం తలుచుకుని గర్వపడేది ఆ వంట గురించే.

ఈ వ్యాసంలో ఆవిడ పేరు రాయాలని నా కోరిక. పూటకూళ్ళమ్మ పేరేమిటని గురజాడనీ వల్లభరాయణ్ణీ నిలదీసిన దాన్ని, మా ఇంటి పూటకూళ్ళమ్మ పేరు చెప్పకపోతే ఎలా? అమ్మమ్మని అడిగాను. "అంతా రాసుకో. పేరు మాత్రం వద్దే" అంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. మెడ వంచి తాళి కట్టించుకున్న రోజు ఇచ్చిన మాటని ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. ఆవిడతో వాదించాను. ఓడిపోయాను. ఆవిడ బతికుండగా ఆ మాట కాదనే హక్కు నాకుందని అనిపించలేదు. అందుకని ఈ వ్యాసం కూడా ఒక పేరు లేకుండానే అచ్చవుతోంది.

పుస్తకం నా దగ్గరే ఉంది. చివరి పేజీలో ఏడు బాకీలున్నాయి. పిఠాపురం వారివి ఆరు పూటలు, తుని వారివి రెండు, మిగిలినవి ఊరు పేరు చెరిగిపోయి కనిపించడం లేదు. ఏ బాకీ పక్కనా చెల్లు అని లేదు.